పీడోడాంటిక్స్ (పిల్లల దంతవైద్యం) క్లాసులో డిబేట్ ఎలా పెట్టాలి?

ఫైనలియర్ బీడీఎస్ బ్యాచ్, ఒక గంట, ఒక టైమర్ ఉంటే చాలు. అటు నలుగురు, ఇటు నలుగురు, మిగతావాళ్లు జడ్జీలు. మనిషికి 3 నిమిషాలు, ఆపైన 10 నిమిషాలు ఎదురు ప్రశ్నలు. ఎవరు ఎటువైపో ఆ పూటే చీటీలు తీయాలి. ముందే చెబితే సగం పాఠమే చదువుకొస్తారు.

చెడేదల్లా అంశం దగ్గరే. ‘పిల్లలకు జనరల్ అనస్తీషియా మంచిదా, కాదా?’ అని ఇస్తే అందరూ ‘సందర్భాన్ని బట్టి’ అనేసి కూర్చుంటారు. అంశంలో ఒక బిడ్డ ఉండి తీరాలి. ఇలా: ‘నాలుగేళ్ల పాప. పిల్లల సహకారాన్ని కొలిచే ఫ్రాంకెల్ స్కేలు మీద 2, అంటే బిగుసుకుని కూర్చుంటుంది, సరిగా సహకరించదు. ఎడమ కింది రెండో పాలదవడ పన్ను, అంటే 75వ నంబరు పన్ను, పక్కపన్ను వైపు నుంచి పుచ్చింది. ఈ పాపకు హాల్ పద్ధతిలో స్టీల్ క్రౌన్ కన్నా 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడే మేలు.’

ఇప్పుడు రెండువైపులా సరుకుంది. హాల్ పద్ధతి అంటే పుచ్చు తీయకుండానే పన్నుకు స్టీల్ టోపీ తొడగడం; సిల్వర్ అంటే పుచ్చు ముదరకుండా ఆపే ద్రవం. సూది, డ్రిల్లు రెండింటికీ అక్కర్లేదు. సిల్వర్ రాయడం నిమిషాల పని. కానీ పుచ్చు నల్లబడిపోతుంది, గుంట అలాగే ఉండి తిండి ఇరుక్కుంటుంది, మళ్లీ మళ్లీ రాయాలి. క్రౌన్ పుచ్చును మూసేస్తుంది. అయితే పళ్ల మధ్య సందు లేకపోతే ముందు సెపరేటర్లు (సందు చేసే చిన్న రబ్బరు రింగులు) పెట్టాలి, కొన్నాళ్లు కాటు ఎత్తుగా ఉంటుంది, బిగించేటప్పుడు గొంతులోకి జారకుండా కాచుకోవాలి.

కేసు రాసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. రాత్రి నిద్రలేపే నొప్పి లేదని, చిగురు మీద చీముపొక్కు లేదని, ఎక్స్‌రేలో పుచ్చుకూ పల్ప్‌కూ (పన్ను లోపల నరం ఉండే మెత్తని భాగం) మధ్య డెంటిన్ అనే గట్టి పొర స్పష్టంగా ఉందని రాసి తీరాలి. పల్ప్ చెడి ఉంటే ఆ రెండు చికిత్సలూ తప్పే. తప్పు చికిత్సను గట్టిగా సమర్థించిన విద్యార్థికి రేపు క్లినిక్‌లో అదే గుర్తుకొస్తుంది. వాదన వేడెక్కాలని, ఏడ్చే పిల్లల నోటిని చేత్తో మూసి అదుపుచేసే పద్ధతిని అంశంగా ఇవ్వడమూ ఇలాంటి పొరపాటే. అమెరికాలోని పిల్లల దంతవైద్య అకాడమీ దాన్ని 2006లోనే తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది.

సెమినార్ పెడితే సరిపోదా అంటారు. అక్కడ స్లైడ్లు తయారుచేసినవాళ్లే చదువుతారు, మిగతావాళ్లకు ఎదురు ప్రశ్న వేయాల్సిన పనే ఉండదు.

చివరి 10 నిమిషాలు తల్లి కోసం. గెలిచిన జట్టులో ఒకరు, తల్లి వేషం కట్టినవాళ్లకు ‘కేరీస్’, ‘పల్ప్’ అనకుండా తెలుగులో విషయం చెప్పాలి. ‘పాలపన్నే కదా డాక్టరుగారూ, ఎలాగూ ఊడిపోద్ది’ అని ఆమె అడగాలి. ‘ఇది పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సిన పన్నమ్మా. ముందే పోతే, ఆరేళ్లకు వచ్చే దవడపన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది, కిందినుంచి వచ్చే పన్నుకు చోటు చాలదు’ అనే జవాబు రాకపోతే ఆ జట్టుకు మార్కులు వేయొద్దు.