మైలాపూర్ జనంలో కుమ్మరి నాయనారును కనిపెట్టడం ఎలా

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళలో మైలాపూర్ అరుబత్తి మూవర్ ఉత్సవానికి, అంటే నాయనార్లనే 63 మంది శివభక్తుల ఊరేగింపుకి, వెళ్ళొచ్చినవాళ్ళని ఎవరిని అడిగినా ఒకటే మాట, "అబ్బో, ఏం జనం!" అంతే. ఎవరిని చూశారంటే చెప్పలేరు. మొదటి రెండేళ్ళు నాదీ అదే కథ, ఎవరో పంచుతున్న మజ్జిగ తాగి, ఒక చెప్పు పోగొట్టుకుని ఇంటికొచ్చాను. మూడో ఏడు మా ఎదురింటి పాటి (తమిళంలో బామ్మ) ఒక ఉపాయం చెప్పింది. 63 మందినీ చూడాలని పోతే ఒక్కరూ కనబడరు, ముందు ఒకరిని పట్టుకో అని. నేను తిరునీలకంఠ నాయనారును పట్టుకున్నాను. చిదంబరం కుమ్మరి ఆయన.

వెళ్ళేముందు కథ తెలిసి ఉండాలి, లేకపోతే మీకు కనబడేది పూలదండల మధ్య చేయెడు విగ్రహమే. ఈయన శివభక్తులకి మట్టి భిక్షాపాత్రలు చేసి ఊరికే ఇచ్చేవాడు, తిరువోడు అంటారు వాటిని. శివుడి గొంతులో విషం ఆగిన చోటంటే ఆయనకి ప్రాణం, ఎప్పుడు చూసినా "తిరునీలకంఠం" అనేవాడు, చివరికి అదే పేరయిపోయింది. ఒకసారి వేశ్య ఇంటికి వెళ్ళొచ్చాడు. భార్యకి తెలిసింది. వండి పెట్టింది, ఇంటి పనులన్నీ చేసింది, దగ్గరికి మాత్రం రానివ్వలేదు. బతిమాలుతూ పట్టుకోబోతే, "మమ్మల్ని ముట్టుకుంటే తిరునీలకంఠం మీద ఒట్టు" అంది.

ఇక్కడ కాసేపు ఆగండి, కథంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. తమిళంలో ఆమె అన్నది "ఎమ్మై", అంటే నన్ను కాదు, మమ్మల్ని. కోపం వస్తే మన ఇళ్ళలోనూ "మా జోలికి రావద్దు" అంటారు, అక్కడ ఉన్నది ఒక్క మనిషే అయినా. ఇంకొకడైతే ఆ మాటని అలాగే విని ఊరుకునేవాడు, రెండు రోజులాగి మళ్ళీ బతిమాలేవాడు. ఈయన ఆ బహువచనాన్ని పట్టుకున్నాడు. మమ్మల్ని అంది కాబట్టి ఆడవాళ్ళందరూ అందులోకి వస్తారు, ఇక ఏ స్త్రీనీ మనసులో కూడా తాకను అనుకున్నాడు. అదే ఇంట్లో, అదే చూరు కింద, ఒకరినొకరు తాకకుండా, బయటివాళ్ళకి ఈ సంగతి తెలియనివ్వకుండా ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

అప్పుడు శివుడు యోగి వేషంలో వచ్చి ఒక తిరువోడు దాచమని ఇచ్చి, తనే దాన్ని మాయం చేసి, మళ్ళీ వచ్చి నా ఓడు నాకివ్వు అన్నాడు. కొత్తది చేసిస్తానంటే వినడు, బంగారపుది ఇచ్చినా వద్దు అంటాడు. నువ్వు దొంగిలించలేదని భార్య చెయ్యి పట్టుకుని చెరువులో మునిగి ప్రమాణం చెయ్యమన్నాడు. గొడవ తిల్లై, అంటే చిదంబరం, బ్రాహ్మణుల సభదాకా పోయింది, వాళ్ళూ అలాగే చెయ్యమన్నారు. చెరువు దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకోకుండా, ఒక వెదురు కర్ర ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని దిగారు. అలా కాదు చెయ్యే పట్టుకోమని యోగి పట్టుబట్టాక, ఇన్నేళ్ళు దాచిన సంగతి అందరి ముందూ చెప్పక తప్పలేదు. చెప్పి మునిగారు. లేచేసరికి ఇద్దరికీ మళ్ళీ యవ్వనం వచ్చింది.

పిల్లలకి చెప్పేటప్పుడు చాలామంది వేశ్య సంగతి ఎగరగొడతారు. అది తీసేస్తే భార్య కోపానికి కారణమే ఉండదు, ఆవిడ ఊరికే గయ్యాళి అయిపోతుంది. "తప్పు చేసి వచ్చాడు" అనైనా చెప్పండి.

ఇది కాలక్షేపానికి అల్లిన కథ కాదు, 8వ శతాబ్దపు శివభక్త కవి సుందరర్ శివభక్తుల పేర్లు వరసగా చెప్పిన పాటలో "తిరునీలకంఠ కుమ్మరికి దాసుణ్ణి" అని పాడాడు, అదీ తిల్లై బ్రాహ్మణుల వెంటనే. 12వ శతాబ్దంలో సేక్కిళార్ ఆ భక్తుల కథల్ని 4 వేల పైచిలుకు పద్యాల పెరియపురాణంగా పెంచి రాశాడు. సేక్కిళార్‌ది మన చెన్నై పక్కన కుండ్రత్తూరే.

ఇక వెళ్ళడం సంగతి. కపాలీశ్వరస్వామి గుడిలో పంగుని ఉత్సవం మార్చి, ఏప్రిల్ మధ్య 10 రోజులు జరుగుతుంది, 7వ రోజు తేరు, 8వ రోజు 63 మంది ఊరేగింపు. తేరు రోజనుకుని 63 మందిని వెతుక్కున్నవాళ్ళు నాకు తెలుసు, రోజు సరిచూసుకోండి. కారు, బండి ఇంట్లో వదిలేసి లోకల్ రైల్లో తిరుమయిలై స్టేషన్‌లో దిగి నడవండి. ఊరేగింపు మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో బయలుదేరుతుంది, మీరు ఒంటిగంటకల్లా మాడ వీధిలో నీడ ఉన్న వైపు నిలబడాలి. నీళ్ళ సీసా గురించి టెన్షన్ వద్దు, అడుగడుక్కీ మజ్జిగ, పానకం పెడుతూనే ఉంటారు. పాత చెప్పులు వేసుకోండి.

పల్లకీలు వరసగా వస్తుంటే అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి, చేతులు జోడించి, మెడ నిండా పూలతో. తమిళం చదవడం రాకపోతే ముందే ఫోన్‌లో ఆయన పేరు తమిళ అక్షరాల్లో పెట్టుకుని పేరు పలకతో పోల్చుకోండి. ఇంకా తేలిక ఏమిటంటే పక్కనున్న పెద్దావిడని అడగడం. నేను "కుయవర్ ఎంగె?" (కుమ్మరి ఎక్కడ?) అన్నాను, పూలు కడుతున్న పాటి సూది దారం వదలకుండా గడ్డంతో చూపించింది. మొదటిసారి దాదాపు పది సెకన్లు చూశానేమో, పల్లకీ వెళ్ళిపోయింది. జనం నచ్చనివాళ్ళు మామూలు రోజుల్లో ఏ పాత శివాలయానికైనా వెళ్ళి ప్రాకారంలో నాయనార్ల వరస చూడండి, మొదట్లోనే వెతకండి, దొరక్కపోతే పేర్లు చదువుకుంటూ పోండి.

ఆయన గురుపూజ, అంటే ఏటా ఆయన పేరున చేసే పూజ, తై మాసంలో విశాఖ నక్షత్రం రోజు, అంటే మన సంక్రాంతి తర్వాత వచ్చే విశాఖ. ఆ రోజు సెలవు దొరికితే చిదంబరం పొండి, ఇక్కడి నుంచి 200 పైచిలుకు కిలోమీటర్లు. అందరూ నటరాజస్వామిని చూసి బస్సెక్కేస్తారు. మీరు మాత్రం ఇళమై ఆక్కినార్ గుడి ఎక్కడని అడిగి వెళ్ళండి, యవ్వనం ఇచ్చినవాడు అని ఆ పేరుకి అర్థం. ఆ చెరువు అక్కడే.

వెళ్ళలేకపోతే ఇంట్లో చెయ్యాల్సింది చాలా తక్కువ. పురసైవాక్కం దగ్గర కోసపేటలో కుమ్మరివాళ్ళ ఇళ్ళున్నాయి, వినాయకుడి బొమ్మలకీ కొలువు బొమ్మలకీ ఆ వీధి పెట్టింది పేరు. ఒక మూకుడు కొనండి. బేరం చెయ్యకండి, ఆయన ఊరికే ఇచ్చినవాడు, మనం పది రూపాయల దగ్గర గీచిగీచి అడిగితే బాగుండదు. నేను వెళ్ళిన రోజు సారె మీద నుంచి దారంతో కోసి తీసిన మూకుడు ఇంకా తడిగా మెరుస్తోంది, అది కావాలంటే అక్కడి కుమ్మరి నవ్వి, "ఆవంలో కాలాక రామ్మా" అన్నాడు, తెలుగులోనే. కొనేముందు వేలితో తట్టండి, ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో బీట ఉన్నట్టే. గురుపూజ రోజు అందులో అన్నమో పొంగలో పెట్టి దండం పెట్టుకుని, ఎవరికైనా ఆకలిగా ఉన్నవాళ్ళకి ఒక పూట భోజనం పెట్టండి.

తర్వాత దాన్ని అలమరలో పెట్టకండి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఒకసారి గంజి పోసి తీసి, పెరుగు తోడెయ్యండి. మొదటి రెండు రోజులు మట్టివాసన వస్తుంది, మా పిల్లలు దానికే పోట్లాడుకుంటారు.