బ్యాంకు మారాక మిగిలిపోయిన పాత పొదుపు ఖాతా: ఉంచుకోవాలా, మూసివేయాలా?

ఉద్యోగం మారినప్పుడు కొత్త సంస్థ మరో బ్యాంకులో జీతం ఖాతా తెరిపిస్తుంది. గృహరుణం ఇచ్చే బ్యాంకు వాయిదాల కోసం తమ దగ్గరే ఖాతా తెరవమంటుంది. ఊరు మారినవారు ఇంటికి దగ్గరలో ఉన్న శాఖను వెతుక్కుంటారు. ఇలా లావాదేవీలన్నీ క్రమంగా కొత్త ఖాతాకు తరలిపోయాక, పాత ఖాతా కొన్ని వందల రూపాయల నిల్వతో ఎవరికీ పట్టకుండా మిగిలిపోతుంది. దానిని ఉంచుకోవడానికి మంచి కారణాలు ఉండవచ్చు, మూసివేయడానికీ ఉండవచ్చు. ఏదీ తేల్చుకోకుండా ఏళ్ల తరబడి వదిలివేయడం వల్లనే చిక్కులు వస్తాయి కనుక, ముందుగా ఆ వదిలివేతలో ఏం జరుగుతుందో చూద్దాం.

జీతం ఖాతాకు కనీస నిల్వ నిబంధన సాధారణంగా ఉండదు. అయితే కొన్ని నెలలు, చాలా బ్యాంకుల్లో మూడు నెలలు, వరుసగా జీతం జమ కాకపోతే బ్యాంకు దానిని మామూలు పొదుపు ఖాతాగా మారుస్తుంది. ఆ రోజు నుంచి కనీస నిల్వ నిబంధన వర్తిస్తుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 2020 మార్చిలోనే పొదుపు ఖాతాలకు కనీస నిల్వ నిబంధనను ఎత్తివేసింది. కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు వంటివి 2025 మధ్యలో అదే బాట పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం కనీస నిల్వ లేనందుకు వేసే రుసుము ఇంకా ఉంది, నగర శాఖల్లో అది చెప్పుకోదగినంతగానే ఉంటుంది. దీనితోపాటు డెబిట్ కార్డు వార్షిక రుసుము, ఎస్ఎంఎస్ రుసుము, వాటి మీద జీఎస్టీ కలిసి చిన్న నిల్వను ఏడాదిలో తినివేయగలవు.

ఇక్కడ ఒక భయాన్ని తొలగించడం అవసరం. నిల్వ లేని ఖాతాలో జరిమానాలు వేల రూపాయలకు పేరుకుపోయి, చివరికి బ్యాంకుకే బాకీ పడతామని చాలామంది అనుకుంటారు, ఆ భయంతోనే శాఖ గడప తొక్కరు. కనీస నిల్వ లేదన్న ఒక్క కారణంతో రుసుము విధించి పొదుపు ఖాతా నిల్వను సున్నా కంటే కిందకు దించకూడదని రిజర్వు బ్యాంకు 2014 నవంబరులోనే ఆదేశించింది, అది 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నిల్వ తగ్గిన విషయాన్ని ముందుగా ఖాతాదారుకు తెలియజేసి, సరిచేసుకోవడానికి కనీసం నెల రోజులు గడువు ఇవ్వాలని, నిల్వ ఎంత తక్కువైందో దానికి తగిన నిష్పత్తిలోనే రుసుము ఉండాలని కూడా ఆ ఆదేశం చెబుతోంది. శాఖలో ఎవరైనా పాత జరిమానా మొత్తం కడితేనే ఖాతా మూస్తామంటే, ఈ నిబంధనను మర్యాదగా గుర్తుచేసి, రాతపూర్వకంగా సమాధానం కోరండి.

రెండేళ్లకు పైగా ఖాతాదారు తరఫున ఏ లావాదేవీ జరగకపోతే ఖాతా ఇన్‌ఆపరేటివ్ (వాడుకలో లేనిది) అవుతుంది. బ్యాంకు తానుగా వేసే వడ్డీ, తీసుకునే రుసుములు ఖాతాదారు లావాదేవీల కిందకు రావు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఇన్‌ఆపరేటివ్ ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదు, పొదుపు వడ్డీ జమ చేయడం ఆపకూడదు, ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము అడగకూడదు. కేవైసీ పత్రాలను (గుర్తింపు, చిరునామా రుజువులను) ఖాతా ఉన్న శాఖలోనే కాక అదే బ్యాంకు ఏ శాఖలోనైనా ఇవ్వవచ్చు, పత్రాలన్నీ సరిగా అందిన మూడు పనిదినాల్లో ఖాతా మళ్లీ పనిచేయాలి. కడప శాఖలోని ఖాతా కోసం హైదరాబాదు నుంచి సెలవు పెట్టి వెళ్లవలసిన అవసరం ఇప్పుడు లేదన్నమాట.

పదేళ్లు ఎవరూ పట్టించుకోకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు వెళుతుంది. ఆ తరువాత కూడా ఖాతాదారు గానీ వారసులు గానీ అదే బ్యాంకు ద్వారా సొమ్ము తిరిగి పొందవచ్చు. అలాంటి సొమ్ము ఎక్కడుందో వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్‌ను ప్రారంభించింది. తల్లిదండ్రుల పాత పాసుపుస్తకాలు ఇంట్లో దొరికినవారు అందులో తప్పక వెతకాలి. ఆ పుస్తకం మీద ఉన్న బ్యాంకు పేరు ఇప్పుడు లేకపోవచ్చు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బ్యాంకు పేరు మారినంత మాత్రాన ఖాతా పోదు. కొత్త బ్యాంకు శాఖకు పాత పుస్తకంతో వెళితే వివరాలు దొరుకుతాయి.

డబ్బు కంటే పెద్ద ప్రమాదం మొబైల్ నంబరుతో వస్తుంది. పాత ఖాతాకు పాత నంబరే ఉండి, ఆ సిమ్‌ను మీరు వదిలివేస్తే, కొంతకాలానికి టెలికాం సంస్థ ఆ నంబరును మరొకరికి ఇస్తుంది. మీ ఖాతాకు సంబంధించిన ఓటీపీలు, హెచ్చరికలు అప్పటి నుంచి వారికి చేరతాయి. ఖాతా ఉంచుకున్నా మూసివేసినా, ముందుగా నంబరు సరిచేయించుకోవడం మొదటి పని. వాడని ఖాతా ఉందని తెలిసి, దానిని కొద్దిరోజులు వాడుకోనిస్తే డబ్బిస్తామని వచ్చేవారు కూడా ఉంటారు. సైబర్ నేరాల సొమ్మును దాటించడానికి అలాంటి ఖాతాలే కావాలి, పోలీసులు ముందుగా వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వారి దగ్గరకే. ఎంత దగ్గరివారు అడిగినా ఏటీఎం కార్డు, సిమ్, పాసుపుస్తకం ఇవ్వవద్దు.

ఎప్పుడు ఉంచుకోవడం మేలు?

ఖాతాకు ఒక పని ఉంటే ఉంచుకోండి. ఆ బ్యాంకులో లాకరు గానీ, గడువు తీరని ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ ఉంటే ఖాతా కావాలి. ఒక బ్యాంకు సర్వరు పనిచేయని రోజున యూపీఐ చెల్లింపులకు రెండో ఖాతా ఆదుకుంటుంది. పెద్ద మొత్తం పొదుపు ఉన్నవారికి మరో కారణం ఉంది: బ్యాంకు దివాలా తీస్తే డిపాజిట్ బీమా సంస్థ ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకే చెల్లిస్తుంది, కాబట్టి సొమ్మును రెండు బ్యాంకుల్లో ఉంచడంలో అర్థముంది. శాఖ దూరమైందన్నదే ఇబ్బంది అయితే మూసివేయనక్కరలేదు. అదే బ్యాంకులో దగ్గరి శాఖకు ఖాతాను బదిలీ చేయించుకోవచ్చు. అలా చేస్తే శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఉంచుకోవాలనుకుంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు చిన్న మొత్తాన్ని జమ చేయడమో తీయడమో చేస్తే ఖాతా సజీవంగా ఉంటుంది. నామినీ పేరు సరిచూసుకోండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో, తరువాత గతించినవారి పేరు నామినీగా అలాగే ఉండిపోవడం తరచుగా కనిపిస్తుంది. డెబిట్ కార్డు అవసరం లేకపోతే దానిని రద్దు చేయించుకుంటే వార్షిక రుసుము తప్పుతుంది. కనీస నిల్వ భారంగా ఉంటే, ఖాతాను కనీస నిల్వ అక్కరలేని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాతపూర్వకంగా కోరవచ్చు. అయితే ఆ బ్యాంకులో అటువంటి ఖాతా ఉన్నవారు మరో పొదుపు ఖాతా ఉంచుకోకూడదు.

విదేశాలకు వెళ్లినవారి సంగతి వేరు. ఉద్యోగం కోసం అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లి ఎన్నారై హోదా వచ్చినవారు ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను అలాగే కొనసాగించడం విదేశీ మారక చట్టానికి విరుద్ధం. దానిని ఎన్నారైల కోసం ఉన్న ఎన్ఆర్ఓ రూపాయి ఖాతాగా మార్చుకోవాలి, లేదా మూసివేయాలి.

మూసివేసే ముందు

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన భాగం ఇదే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. నెట్ బ్యాంకింగ్ పనిచేస్తుండగానే పాత ఖాతా స్టేట్‌మెంట్‌ను కనీసం పదమూడు నెలలకు డౌన్‌లోడ్ చేసుకుని, ప్రతి వరుసనూ చదవండి. మూడు నెలల స్టేట్‌మెంట్ చాలదు, ఎందుకంటే ఏడాదికి ఒక్కసారే వచ్చే పద్దులు అందులో కనిపించవు.

బయటకు వెళ్లే పద్దులను ముందు చూడండి. రుణ వాయిదాలు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు, ఎల్ఐసీ ప్రీమియం, ఓటీటీ చందాల వంటివి సులభంగానే కనిపిస్తాయి. మే నెలలో 436 రూపాయలు, 20 రూపాయలు తగ్గిన వరుసలు ఉన్నాయేమో వెతకండి. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండోది సురక్షా బీమా ప్రీమియం. ఈ రెండూ ఖాతాతో ముడిపడిన బీమాలు కాబట్టి ఖాతా మూసిన నాడే రక్షణ ముగుస్తుంది. జీవన్ జ్యోతిలో 50 ఏళ్లు దాటినవారు కొత్తగా చేరలేరు. ముందుగా చేరినవారు మాత్రం 55 ఏళ్ల వరకు కొనసాగవచ్చు. అంటే 52 ఏళ్ల వ్యక్తి ఏమీ ఆలోచించకుండా ఖాతా మూసివేస్తే, కుటుంబానికి ఉన్న 2 లక్షల రూపాయల ధీమాను చేజార్చుకున్నట్లే. 50 ఏళ్లు దాటనివారు కొత్త బ్యాంకులో తిరిగి చేరినా, మొదటి 30 రోజుల్లో ప్రమాదేతర మరణానికి పరిహారం రాదు. కాబట్టి కొత్త ఖాతాలో చేరి, ఆ గడువు దాటాక పాతదానిని మూసివేయడం మంచిది. అటల్ పెన్షన్ యోజనలో ఉన్నవారు కూడా చందా కోతను కొత్త ఖాతాకు మార్పించుకున్నాకే ముందుకు వెళ్లాలి.

లోపలికి వచ్చే పద్దుల్లో ఆధార్‌కు ముడిపడినవి కీలకం. పీఎం కిసాన్, ఉపాధి హామీ వేతనం, గ్యాస్ రాయితీ, అమ్మల ఖాతాల్లో పడే తల్లికి వందనం వంటి సొమ్ము మీరు ఇచ్చిన ఖాతా నంబరును బట్టి కాక, మీ ఆధార్ చివరిగా ఏ బ్యాంకుతో ఎన్‌పీసీఐలో (దేశంలో యూపీఐ వంటి చెల్లింపు వ్యవస్థలను నడిపే సంస్థ) అనుసంధానమైందో ఆ బ్యాంకుకు వెళుతుంది. ఒక ఆధార్‌కు ఒకే సమయంలో ఒక్క ఖాతాయే అలా ఉంటుంది. మై ఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ అనుసంధాన స్థితి) చూస్తే ఆ బ్యాంకు పేరు తెలుస్తుంది. అది పాత బ్యాంకే అయితే, కొత్త బ్యాంకులో సీడింగ్ పత్రం ఇచ్చి, పోర్టల్‌లో పేరు మారిందని కళ్లారా చూశాకే మూసివేతకు వెళ్లాలి.

తరువాత భవిష్యనిధి (పీఎఫ్) వివరాల్లో ఉన్న బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను రిఫండు కోసం ధ్రువీకరించిన ఖాతా, డీమ్యాట్‌లో డివిడెండ్ కోసం ఇచ్చిన ఖాతా సరిచూసుకోండి. ఉద్యోగం మారినవారిలో చాలామందికి పీఎఫ్‌లో పాత ఖాతాయే ఉండిపోతుంది, దాని సంగతి డబ్బు తీయవలసిన అవసరం వచ్చినప్పుడే బయటపడుతుంది. ఆ ఖాతా మీద ఎవరికైనా ముందు తేదీల చెక్కులు ఇచ్చి ఉంటే వాటిని వెనక్కి తీసుకోండి. యూపీఐ యాప్‌లో యూపీఐ లైట్ (పిన్ లేకుండా చిన్న చెల్లింపులకు వాడేది) నిల్వ ఉంటే దానిని ఖాతాలోకి తిరిగి వేసి, ఖాతాను యాప్ నుంచి తొలగించండి.

మార్పులన్నీ చేశాక ఒక పూర్తి నెల ఆగి, పాత ఖాతాలో ఏ కదలికా లేదని చూసుకోవడం ఉత్తమం.

శాఖలో

ఖాతా ఇన్‌ఆపరేటివ్ అయి ఉంటే ముందు కేవైసీతో దానిని పనిచేసేలా చేయించుకోవాలి. ఆపై మూసివేత ఫారం నింపి, పాసుపుస్తకం, మిగిలిన చెక్కులు, డెబిట్ కార్డు అప్పగించాలి. పాన్, ఆధార్ అసలు పత్రాలు వెంట తీసుకువెళ్లండి. ఉమ్మడి ఖాతా అయితే ఖాతాదారులందరూ సంతకం చేయవలసి ఉంటుంది. ఏళ్ల కిందట చేసిన సంతకం ఇప్పటిదానితో కలవకపోతే, కొత్త సంతకం నమోదుకు పత్రం ఇవ్వడంతో పని మొదలవుతుంది. కౌంటరులో వాదించడం కంటే అదే త్వరగా తెములుతుంది. మిగిలిన నిల్వను కొత్త ఖాతాకు పంపమని ఆ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ స్పష్టంగా రాయండి, ఆ కొత్త ఖాతాదే రద్దు చేసిన చెక్కు జతచేయండి.

రుసుము విషయంలో తొందరపాటు నష్టం. ఖాతా తెరిచిన 14 రోజుల్లోపు మూస్తే రుసుము ఉండదు. ఆ తరువాత ఏడాదిలోపు మూస్తే చాలా బ్యాంకులు 500 రూపాయల వరకు, జీఎస్టీ అదనంగా, తీసుకుంటాయి. ఏడాది దాటితే సాధారణంగా ఏమీ ఉండదు. పదకొండో నెలలో ఉన్నవారు ఒక నెల ఆగడమే తెలివైన పని.

ఇచ్చిన దరఖాస్తు నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మరవకండి. మూసివేయడానికి కారణం లేకుండా తిప్పుతుంటే, ముందు అదే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

ఖాతా మూసివేసినట్లు బ్యాంకు ఇచ్చే లేఖనో ఈమెయిల్‌నో, చివరి స్టేట్‌మెంట్‌ను, ఆ ఏడాది వడ్డీ ధ్రువపత్రాన్ని ఒకచోట భద్రపరచండి. ఆర్థిక సంవత్సరం మధ్యలో మూసివేసినా, ఆ సంవత్సరం ఆదాయపు పన్ను రిటర్నులో ఆ ఖాతా వివరాలు ఇవ్వాలి, దాని మీద వచ్చిన వడ్డీని ఆదాయంలో చూపాలి.