కేన్సర్ చికిత్స అయ్యాక బిడ్డకు ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

కీమో ముగించుకుని విశాఖ నుంచి బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాక మొదటి పోరు తిండి దగ్గరే. రెండు ముద్దలు తిని మొహం తిప్పేసుకుంటుంది. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లు పథ్యం మొదలుపెడతారు: గుడ్డు వేడి, నీచు వద్దు, అరటిపండు జలుబు, పెరుగు కఫం. ప్రేమతోనే చెబుతారు. కానీ కరిగిపోయిన కండ తిరిగి పట్టాల్సిన సమయంలో గుడ్డు, చేప, పప్పు, పెరుగు తీసేస్తే మిగిలేది చారన్నమే. డాక్టరు ఫలానాది వద్దని ప్రత్యేకంగా చెబితే తప్ప పథ్యం పెట్టకండి. తీపి తింటే కేన్సర్ తిరగబెడుతుందన్న భయం కూడా వద్దు.

ముందు గిన్నె సంగతి. బిడ్డ పొట్ట చిన్నదైపోయి ఉంటుంది, పెద్ద కంచం చూస్తేనే వెగటు. అందుకే అన్నం పెంచకుండా, ఉన్న అన్నంలోనే బలం పెంచాలి. మూడు పూటలు కాకుండా రెండు, మూడు గంటలకోసారి, రోజుకు ఐదారుసార్లు పెట్టండి. ప్రతి గిన్నెలో చిన్న చెంచాడు నెయ్యి వేస్తే 45 కేలరీలు కలుస్తాయి, ముద్ద మాత్రం పెరగదు. పప్పుచారు బదులు ముద్దపప్పు. ఉప్మాలో, పెసరట్టులో ఒక గుడ్డు కలిపితే ఆరు గ్రాముల మాంసకృత్తులు. వేయించిన వేరుశనగ గుళ్ల పొడి రెండు చెంచాలు కూరలో కలిసిపోతుంది. పలాస జీడిపప్పు చిన్నపిల్లలకు పలుకులుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. పొడి చేసి పాలలో కలపండి. భోజనానికి అరగంట ముందు మంచినీళ్లు, జ్యూసులు పట్టకండి, వాటితోనే పొట్ట నిండిపోతుంది.

మన దగ్గర చేతికందే మంచి వస్తువు చోడి, అంటే రాగి. అయితే చాలామంది దాన్ని పల్చటి అంబలిగా పోస్తారు. అందులో ఉండేది ఎక్కువగా నీళ్లే. పిండి ఎక్కువేస్తే గట్టిపడి బిడ్డ మింగలేదు. దీనికి మొలక పిండి మందులా పనిచేస్తుంది. చోడ్లు కడిగి 12 గంటలు నానబెట్టి, బట్టలో మూటకట్టి ఒకటి, రెండు రోజులు ఉంచండి. మొలక కనబడగానే ఎండలో గలగలలాడేలా ఆరబెట్టి, సన్నసెగన దోరగా వేయించి పిండి పట్టించండి. మాడేలా వేయిస్తే దాని గుణం పోతుంది.

జావకు మామూలు చోడిపిండి మూడు పెద్ద చెంచాలు (సుమారు 30 గ్రాములు) అరగ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు పాలు పోసి, సన్నసెగ మీద ఎనిమిది, పది నిమిషాలు ఉడికించండి. చిక్కగా అయ్యాక దించి, గోరువెచ్చని కంటే కాస్త వేడిగా ఉన్నప్పుడు మొలక పిండి ఒక చిన్న చెంచా కలిపి పది నిమిషాలు వదిలేయండి. మొలకలో ఉండే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, చూస్తుండగానే జావ జారుగా అవుతుంది. మరుగుతుండగా వేస్తే ఎంజైము చచ్చిపోతుంది, జావ గట్టిగానే ఉంటుంది. పల్చబడ్డాక తప్పకుండా మళ్లీ రెండు, మూడు నిమిషాలు మరిగించాలి, మొలకెత్తించిన గింజల్లో సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాలు విరగకుండా బెల్లం దించాక వేయండి, చివర నెయ్యి. గ్లాసున్నర జావలో సుమారు 300 కేలరీలు, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. కేన్సర్ చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ అనే మందు ఎముకను పలుచన చేస్తాయి కాబట్టి ఇది ఊరికే పోదు. పాలు తాగితే విరేచనాలవుతుంటే కొన్ని వారాలు పాలు మాని నీళ్లతోనే జావ కాచి, పెరుగు విడిగా పెట్టండి.

నోట్లో ఇనుము రుచి అంటుంటే స్టీలు చెంచా మార్చి చెక్క చెంచా ఇవ్వండి, చారులో నిమ్మరసం పిండండి. నోరు పూసి ఉంటే పులుపు, ఆవకాయ, వేడివేడి కూర మానేసి చల్లని పెరుగన్నం. మెడకు, తలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి, తీపి తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి.

చద్దన్నం మన ఊళ్లలో రోజూ తినేదే, మంచిదే. కానీ రక్తకణాలు పూర్తిగా కోలుకున్నాయని డాక్టరు చెప్పేవరకు బిడ్డకు వద్దు. బయట వదిలేసిన అన్నంలో ఒక బాక్టీరియా విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. పచ్చి మొలకలు, సగం ఉడికిన గుడ్డు, పానీపూరీ, ఐసు వేసిన చెరకు రసం అప్పటిదాకా ఆపండి. బడిలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనం వేడిగా ఉంటే, గుడ్డు పూర్తిగా ఉడికితే తినొచ్చు. లుకేమియా పిల్లలకు ఇంటి దగ్గర మాత్రలు రెండేళ్ల వరకు నడుస్తాయి. ఆ రోజుల్లో ఫోలిక్ ఆసిడ్ ఉన్న టానిక్కులు, పసరు మందులు అడగకుండా ఇవ్వొద్దు, మందు పనికి అడ్డురావచ్చు.

ఉద్దానం వైపు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఎక్కించిన పిల్లల కిడ్నీలు దెబ్బతిని ఉండవచ్చు, ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ముందే ఎక్కువ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించకుండా ప్రొటీన్ పౌడర్లు కొనకండి.

కొందరు పిల్లలు స్టెరాయిడ్లతో బొద్దుగా తయారై వస్తారు. వాళ్లను పస్తులుంచకూడదు. గుడ్డు, పప్పు అలాగే ఉంచి కూల్‌డ్రింకులు, చిప్సు, బిస్కెట్లు తగ్గించండి, నెయ్యి వేయక్కర్లేదు. సాయంత్రం ఆడుకోనివ్వండి.

తినిపించడం అరగంట దాటించకండి. ముక్కు మూసి, కొట్టి పెడితే బిడ్డకు తిండి మీదే భయం పడుతుంది. కంచం తీసేసి రెండు గంటలాగి మళ్లీ పెట్టండి.

పదిహేను రోజులకోసారి అదే తూకం మీద, అవే తేలిక బట్టలతో బరువు చూసి రాసుకోండి. అంగన్‌వాడీలో తూకం, చేతి చుట్టుకొలత టేపు రెండూ ఉంటాయి. ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు బిడ్డకు చేతి కొలత 12.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి, 11.5 కంటే తగ్గితే ఆలస్యం చేయకూడదు. వరుసగా రెండుసార్లు బరువు తగ్గినా, పొద్దున్నే తలనొప్పితో వాంతులైనా, మింగేటప్పుడు దగ్గు వచ్చినా, రోజంతా ఏమీ తినక తాగకపోయినా, జ్వరం 100.4 దాటినా వెంటనే చికిత్స చేసిన ఆస్పత్రికి ఫోన్ చేయండి.