అంట్లు తోమితే వ్యాయామమా? క్యాలరీల లెక్కలో ఏది రాయాలి, ఏది వదలాలి

ఫోన్‌లో క్యాలరీల యాప్ పెట్టుకున్న వారంలోపే ఈ సందేహం వస్తుంది. ఇల్లంతా ఊడ్చి తడిగుడ్డ పెట్టేసరికి ఒళ్లు చెమటతో తడిసిపోయింది, మరి దీన్ని వ్యాయామం కింద రాయొచ్చా? యాప్‌లో వెతికితే ఇంటి శుభ్రత, 60 నిమిషాలు అని దొరుకుతుంది. 60 కిలోల మనిషికి దాని పక్కన 190 అనో 200 అనో అంకె కనిపిస్తుంది. అది రాసుకోగానే సాయంత్రం తిండికి ఆ మేరకు చోటు దొరికినట్టే ఉంటుంది. నెల తిరిగినా బరువు మాత్రం కదలదు. చాలామంది లెక్క చెడేది అక్కడే: ఆ ఇంటిపని అప్పటికే ఒకసారి లెక్కలోకి వచ్చేసింది.

ఎలా వచ్చిందో తెలియాలంటే రోజువారీ ఖర్చును యాప్‌లు ఎలా కడతాయో చూడాలి. ఎక్కువగా వాడే సూత్రం ఇది. బరువును కిలోల్లో తీసుకుని 10తో, ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి రెండూ కలపాలి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసేయాలి. చివర్లో ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. 60 కిలోలు, 155 సెంటీమీటర్లు, 35 ఏళ్లు ఉన్న స్త్రీకి 600 + 969 − 175 − 161, అంటే 1233. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా శరీరం ఖర్చుపెట్టేది ఇంత.

తర్వాత యాప్ మీ రోజు ఎలా గడుస్తుందని అడుగుతుంది. ఎక్కువసేపు కూర్చునే ఉంటారంటే 1.2తో గుణిస్తుంది, 1480 వస్తుంది. కొంత తిరుగుతుంటారంటే 1.375తో, 1695 వస్తుంది. రెండింటికీ తేడా 215. ఇప్పుడు ఇంటిపని సంగతి చూడండి. వంట, అంట్లు, ఊడవడం, బట్టలు ఆరేయడం కలిపి రోజుకు రెండు గంటలనుకుంటే, ఊరికే కూర్చున్నదానికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 180. అంటే "కొంత తిరుగుతుంటాను" అని ఎంచుకున్నప్పుడే ఇంటిపని దాదాపు మొత్తం అందులో కలిసిపోయింది. మళ్లీ విడిగా రాస్తే ఒకే జీతాన్ని రెండుసార్లు జమ వేసుకున్నట్టు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని లెక్కలు "వారంలో ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు" అని అడిగి దాన్ని బట్టి గుణిస్తాయి. అలా అడిగితే మీ నడక, జిమ్ కూడా అందులోకి వెళ్లిపోయాయి, ఇక ఏదీ విడిగా రాయకూడదు. కొన్ని మాత్రం ఉద్యోగం, రోజువారీ తిరుగుడు గురించి మాత్రమే అడుగుతాయి. వాటిలో వ్యాయామం విడిగా రాయాలి. మీ యాప్ ఏ రకమో తెలుసుకోవడానికి మొదట్లో అది వేసిన ప్రశ్నను ఒకసారి మళ్లీ తెరిచి చదవండి. ఈ ఒక్క పని చేయకుండా మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా ఉపయోగం ఉండదు.

వ్యాయామం విడిగా రాసే రకమైతే, ప్రతి పనికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది వ్యాయామం కోసం కాకుండా ఇంటి కోసమో ఉద్యోగం కోసమో నేను ప్రతి వారం ఎలాగూ చేసేదేనా? అవునంటే అది పునాది లెక్కలోకి, అంటే మొదట్లో ఎంచుకున్న రోజువారీ శ్రమలోకి పోవాలి, రాయొద్దు. చేస్తున్నప్పుడు మాట్లాడగలిగినా పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగిందా? లేదంటే రాయొద్దు. ఎంతసేపు చేశానో గడియారం చూసి చెప్పగలనా? చెప్పలేకపోతే వచ్చే అంకె ఊహే, దాన్నీ వదిలేయండి. మూడూ దాటిందే వ్యాయామం.

చెమటను కొలతగా తీసుకోవద్దు. చెమట పట్టేది ఒళ్లు చల్లబడడానికి. మే నెలలో బెజవాడ వంటింట్లో పొయ్యి ముందు నిలబడి పోపు వేస్తే చాలు, చీర తడుస్తుంది. ఖర్చయిన క్యాలరీలు మాత్రం డిసెంబరులో అదే పోపు వేసినప్పటంతే.

అంకెల విషయానికొస్తే, పరిశోధకులు మెట్ (MET) అనే కొలత వాడతారు. ఊరికే కూర్చుంటే 1 మెట్, అంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక క్యాలరీ. ఏ పని ఎన్ని మెట్లో చెప్పే పెద్ద పట్టికను 1993 నుంచి సవరిస్తూ వస్తున్నారు. దాని 2011 సవరణ ప్రకారం అంట్లు తోమడం, ఇస్త్రీ చేయడం 2 లోపే. వంట 2 నుంచి 3.5 దాకా. ఊడవడం, తుడవడం 3.5కి దగ్గర. చేత్తో బట్టలు ఉతకడం, తోటపని 4 దగ్గర. గంటకు 5 కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో నడిస్తే 3.5, ఐదున్నర దాటితే 4.3. యాప్ ఇచ్చే అంకెలో మీరు కూర్చున్నా ఖర్చయ్యే ఆ 1 కూడా కలిసి ఉంటుంది, దాన్ని తీసేయాలి. 60 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే యాప్ 129 చూపిస్తుంది. 4.3 లోంచి 1 తీసేసి, 3.3ని 60తో, అరగంటతో గుణిస్తే 99. రాయాల్సింది ఆ 99.

నెమ్మది పనుల్లో ఈ తీసివేత దెబ్బ ఇంకా ఎక్కువ. అంట్లు తోమే గంటకు 1.8 మెట్ల చొప్పున 108 కనిపిస్తుంది, అందులో నిజంగా అదనం 48. అది చెంచాన్నర నూనెతో సమానం కూడా కాదు, చిన్న చెంచాతో కొలిచినా సరే.

మెట్లెక్కడం గురించి అందరికీ ఆశ ఎక్కువ. ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. 60 కిలోల మనిషి అంత ఎత్తు ఎక్కితే ఖర్చయ్యేది దాదాపు 2 క్యాలరీలు, దిగేటప్పుడు ఇంకా తక్కువ. మూడో అంతస్తుకు రోజుకు నాలుగుసార్లు ఎక్కినా 24. లిఫ్ట్ మానేయండి, గుండెకూ కాళ్లకూ మంచిది, కానీ డైరీలో రాయొద్దు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేయాలన్న పాత షరతు లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమలో చిన్న చిన్న ముక్కలూ లెక్కకొస్తాయి. ఆరోగ్యానికి పనికొచ్చేది వేరు, తిండికి చోటిచ్చేంత ఖర్చు వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే ఎక్కువ గందరగోళం.

పొలం పనికీ, కూలిపనికీ ఈ పద్ధతి తిరగబడుతుంది. నాట్లు వేసేవాళ్లు, హమాలీలు, తాపీపని చేసేవాళ్లు రోజంతా చేసేది ఎంత కష్టమైనా వ్యాయామం పేరుతో రాయకూడదు, ఎందుకంటే అదే వాళ్ల పునాది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 అంకెల్లో 55 కిలోల స్త్రీకి కూర్చుని చేసే పనైతే రోజుకు 1660, మధ్యస్థ శ్రమకు 2130, కఠిన శ్రమకు 2720 కావాలి. 65 కిలోల పురుషుడికి వరసగా 2110, 2710, 3470. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లు యాప్‌లో మొదటి ప్రశ్న దగ్గరే సరైన శ్రమను ఎంచుకోవాలి. నాట్లు అయిపోయి పని లేని నెలల్లో దాన్ని తగ్గించాలి. తగ్గించడం మర్చిపోతే, ఒంటికి శ్రమ లేని నెలల్లో కూడా కంచంలో కఠిన శ్రమ నాటి అన్నమే ఉంటుంది.

పనిమనిషి నాలుగు రోజులు రాకపోతే ఏమీ మార్చకండి. పూర్తిగా మానేసి ఇల్లంతా మీ మీద పడితే, నెల చూసి పునాదిని ఒక మెట్టు పెంచండి. దసరాకో సంక్రాంతికో బూజులు దులిపి, మంచాలు జరిపి, గోడలు కడిగి మూడు గంటలు ఆగకుండా చేస్తే అది ఏటా ఒకటి రెండుసార్ల పని, రాయొచ్చు. అయితే నిలబడి సర్దిన సమయం, మధ్యలో టీ తాగిన సమయం తీసేసి రాయండి. బతుకమ్మ ఆట ఒక్కో వాడలో ఒక్కో వేగంతో సాగుతుంది. ఆడుతూ పాట హాయిగా అందుకోగలిగితే వదిలేయండి. ఊపిరి అందక చప్పట్లకే పరిమితమైతే ఆడిన నిమిషాలు రాసుకోండి. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి తిరుమల చేరడం సందేహం లేకుండా వ్యాయామం. రైతుబజారులో సంచి పట్టుకుని తిరగడం కాదు.

చేతికి బ్యాండ్ పెట్టుకునేవాళ్లకు ఒక పరీక్ష. సింకు దగ్గర నిలబడే పది నిమిషాలు అంట్లు తోమి, ముందూ వెనకా అడుగుల అంకె చూడండి. వందల్లో పెరిగిందంటే మీ బ్యాండ్ చెయ్యి కదలికను నడకగా లెక్కేస్తోంది. చపాతీలు ఒత్తినా అంతే. చంటిపిల్లను ఎత్తుకుని తిరిగినప్పుడు, ట్రాలీ తోసినప్పుడు చెయ్యి కదలదు కాబట్టి నిజంగా నడిచిన అడుగులు పడవు. బ్యాండ్ యాప్‌తో కలిసి ఉంటే పొద్దుటి నడకను మళ్లీ చేత్తో రాయకండి, రెండుసార్లు పడుతుంది.

ఇంత చేసినా అంకె అంచనాయే కాబట్టి నాలుగు వారాలకోసారి సరిచూడాలి. రోజూ పొద్దున్నే మలవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి ఏడు రోజుల సగటు తీయండి. ఉప్పు, నెలసరి వల్ల ఒక్కరోజు బరువు అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని నమ్మొద్దు. ఒక కిలో కొవ్వు సుమారు 7700 క్యాలరీలు. రోజుకు 300 తక్కువ తింటున్నానని డైరీ చెబితే 28 రోజుల్లో 1.1 కిలో తగ్గాలి. 0.4 మాత్రమే తగ్గితే తేడా 0.7 కిలో, అంటే రోజుకు దాదాపు 190. అప్పుడు భోజనం తగ్గించే ముందు డైరీ తెరిచి, గంట ఇంటి శుభ్రత అని రాసిన వరుస ఉందేమో వెతకండి. అది లేకపోతే కూరలో నూనెను సీసాతో ఒంపకుండా చెంచాతో కొలిచి ఇంకో రెండు వారాలు చూడండి.