పడమటి గోడకు మూరెడు మందం

నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర మా చెల్కలో (మెట్ట పొలంలో) రెండు గదుల మట్టి ఇల్లు కట్టుకుని నాలుగు ఎండాకాలాలు గడిచాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒక్కటే, "గోడ ఎంత మందం పెట్టిన్రు?" అని.

అన్ని గోడలూ ఒకే మందం పెట్టలేదు. పడమటిది మూరెడు, అంటే 18 అంగుళాలు. మిగతావి జానెడున్నర. గోడ ఎత్తు తొమ్మిదడుగులు. ఎత్తులో పదో వంతు కంటే సన్నగా లేపడానికి నాకైతే ధైర్యం చాలదు. మే నెలలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కాలేది పడమటి గోడే. ఆ వేడి మూరెడు మట్టిని దాటి లోపలికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పుడు కిటికీలు తెరిచి ఉంటే గాలికి పోతుంది. మట్టి గోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. చాలామంది పగలు కిటికీలు బార్లా తెరిచి, రాత్రి దోమలకు భయపడి మూసేస్తారు. జాలీ కొట్టించుకుని, పగలు మూయండి, రాత్రి తెరవండి.

వేడిని ఆపాలంటే లోపల గాలి చిక్కుకునే వస్తువు కావాలి: గడ్డి, పొట్టు, లేదా ఖాళీ జాగా. అది గోడ కంటే కప్పుకే ఎక్కువ అవసరం. మొదటి ఏడు ఉత్త పెంకలతో ఉన్నాం, ఫ్యాన్ వేస్తే వడగాలే. తర్వాత పెద్ద గది మీద అటక వేసి, దానిపై వరిపొట్టు ఎక్కువగా కలిపిన మట్టి మూడంగుళాలు పరిచాం. గోడకు దాచిన డబ్బులో కొంత ఇటు మళ్లించండి.

మట్టి సంగతి క్లుప్తంగా చెప్తా. నల్లరేగడి వద్దు, ఎండితే నోళ్లు తెరుస్తుంది. ఎర్రమట్టిలో వరిగడ్డి వేసి, రెండు రోజులు నానబెట్టి తొక్కించాం. అడుగున్నర వరుస ఆరాకే పై వరుస. కింద అడుగున్నర రాతికట్టు ఉంటేనే వానకు గోడ నిలుస్తుంది.

ఇక వెలుతురు. పొద్దుగూకడం చూడాలని పడమట పెద్ద కిటికీ పెట్టించాను. రెండో ఎండాకాలానికి దాన్ని ఇటుకలతో మూయించి అల్మారా చేశాం. కిటికీలు ఉత్తరానికి, దక్షిణానికి పెట్టండి. మన దగ్గర మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి చూరు రెండడుగులు ముందుకు వస్తే దక్షిణపు కిటికీలో ఎండ పడదు. డిసెంబర్‌లో సూర్యుడు కిందికి దిగుతాడు, అదే కిటికీ కింది సగంలోంచి ఎండ వస్తుంది. చలికి అది హాయి.

మందపు గోడలో కిటికీ గుహలా తయారవుతుంది. అందుకే పక్కలు ఏటవాలుగా చెక్కించాం: బయట మూడడుగులు, లోపల నాలుగున్నర. ఆ పక్కలకు తెల్ల సున్నం వేశాక గది మూల దాకా వెలుగు పారింది.

అటక లేని వంటింటి మీద గాజు పెంక ఒకటి పెట్టాం. ఆశకొద్దీ రెండోదీ పెట్టించాను గానీ, మేలో అది సరిగ్గా పొయ్యి ముందు కూర్చునే అత్తమ్మ నెత్తిన ఎండ పోసింది. తీయించి పాత పెంకే వేయించాను.