ఓడ పాట పుట్టిల్లు ఎలా వెతకాలి

ఓడలో ఇంజన్ రూమ్ పని చేసే రోజుల్లో హాంబర్గ్ రేవు దగ్గర ఒక పెద్దాయన పాడగా ‘డె హాంబోర్గర్ ఫేర్‌మాస్టర్’ విన్నాను. ఉత్తర జర్మనీ వాళ్ల ప్లాట్‌డాయిచ్ భాషలో, తెరచాపలు కట్టే నాలుగు నిలువు కొయ్యలున్న ఓడ మీద పాట. చరణం ఒక్క ముక్క అర్థం కాలేదు. పల్లవి మాత్రం ఇంగ్లీషు! కాలిఫోర్నియా, అక్కడి శాక్రమెంటో నది ఒడ్డున బంగారం. హాంబర్గ్ ఓడకి శాక్రమెంటోతో ఏం పని?

మీరూ అక్కడే మొదలుపెట్టండి. పాట భాష మారినా మారకుండా మిగిలిన ముక్క కింద గీత గీసుకోండి. పాట వచ్చిన దారి చెప్పేది అదే.

తర్వాత ఆ ముక్క అచ్చులో ఎప్పటినుంచి ఉందో చూడాలి. కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది 1848 జనవరిలో. 1849లో అమెరికాలో జెస్సీ హచిన్సన్ రాసిన ‘హో ఫర్ కాలిఫోర్నియా’లో ఈ శాక్రమెంటో ఒడ్డు, బంగారం రెండూ ఉన్నాయి. దాని వరస ఇంకా పాతది, 1843 నాటి ‘డి బోట్‌మన్ డాన్స్’ది. 1850లో అమెరికన్ పాటల రచయిత స్టీఫెన్ ఫాస్టర్ స్టేజీ పాట ‘క్యాంప్‌టౌన్ రేసెస్’ అచ్చయింది. అందులో ‘డూడా’ అని వస్తుంది, నావికుల పాటలో ‘హూడా’. తొందరపడేది సరిగ్గా ఇక్కడే. 1850 అచ్చయిన ఏడాది, అంతే. నోటినుంచి నోటికి వెళ్లే పాటకి అది పుట్టినరోజు కాదు. ఫాస్టర్ పాట నుంచి నావికుల పాటకి ఒక బాణం, ఇటునుంచి అటు ఒక బాణం గీసి, రెండింటికీ ప్రశ్న గుర్తు పెట్టండి. నా పుస్తకంలో అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

చరణాల్లోని వస్తువులు చూడటం మరవకండి. ఇందులో కొయ్యలు కెప్టెన్ కాలంత వంకర, డెక్కు ఇనుముది. అలాంటి నాలుగు కొయ్యల ఓడలు హాంబర్గ్‌లో విరివిగా తిరిగింది 19వ శతాబ్దం చివర్లో. అంటే పల్లవి తాత, చరణం మనవడు.

ఏ పనికి పాడారో కూడా అడగండి. ఇది లంగరు ఎత్తుతూ క్యాప్‌స్టన్, అంటే లంగరు తాడు చుట్టుకునే నిలువు రాట్నం, చుట్టూ తిరిగేటప్పటి పాట. అడుగు కుదిరితే చాలు, స్టేజీ పాటైనా ఓడెక్కేస్తుంది.

ఉత్త కేకల్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవద్దు. మా భీమిలి వైపు వల లాగుతూ ‘హైలెస్సా’ అంటారు, తమిళ తీరంలో ‘ఐలసా’. ఎవరు ఎవరి దగ్గర నేర్చారో ఆ ఒక్క కేకతో తేల్చలేం.

విన్నది విన్నట్టే రాసుకోండి, ఊరూ తేదీ పక్కన వేసి. అచ్చు పుస్తకం చూసి దిద్దొద్దు. ఆ పెద్దాయన ‘హూడా’ అనలేదు, ‘హూడే’ అన్నాడు. నేనూ ‘హూడే’ అనే రాశాను.