కాన్ఫరెన్స్‌కి వెళ్లే విద్య – 4వ పాఠం: వరండా

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చేశారా? షెడ్యూలు ముందేసుకుని, వినాలనుకున్న టాకుల్లో సగం కొట్టేయమన్నాను. చాలామందికి చెయ్యి రాదు. మొదటిసారి నాకూ రాలేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక హాల్లోంచి ఇంకో హాల్లోకి పరుగెత్తి పదకొండు టాకులు విన్నాను. రాత్రి ఇంటికొచ్చి మంచం మీద వాలాక ఒక్కటీ గుర్తులేదు. టికెట్ డబ్బులు గిట్టుబాటు చేసుకోవాలన్న ఆత్రం అది, బఫేలో కనిపించినవన్నీ వడ్డించుకున్నట్టు.

కొట్టేసిన ఆ సగం టైములో ఏం చేయాలన్నదే ఈ వారం పాఠం.

వేదిక మీది టాకు ఎటూ పోదు. 2009లో బెంగళూరులోని ఐఐఎస్‌సీలో మొదలైన పైకాన్ ఇండియా (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల కాన్ఫరెన్స్) అయినా, ఏటా బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ (ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాళ్లది) అయినా, వీడియోలు తర్వాత నెట్‌లో పెట్టేస్తారు. అన్నం తింటూ ఒకటిన్నర స్పీడులో చూసుకోవచ్చు. వీడియోలో దొరకనిది ఒకటే: మీకొచ్చిన తలనొప్పే పోయిన ఏడాది పడి బయటపడ్డ మనిషి, చేతిలో టీ కప్పుతో, ఏ తొందరా లేకుండా నిలబడి ఉండటం. పెళ్లిలో సంబంధాల మాటలు తలంబ్రాల దగ్గర నడవవు కదా, భోజనాల దగ్గరే నడుస్తాయి. ఇక్కడా అంతే. దీన్నే ఇంగ్లీషులో హాల్‌వే ట్రాక్ అంటారు. నేను వరండా అంటాను.

అయితే ఊరికే వరండాలో నిలబడితే ఏమీ జరగదు. ఫోన్ తీస్తారు, ఆఫీసు చాట్ తెరుస్తారు, అరగంట గడిచిపోతుంది. అందుకే వెళ్లేటప్పుడు ఒక చిక్కును వెంట తీసుకెళ్లాలి. మీ పనిలోంచి, ఇంకా తేలనిది, ఒక్కటే. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఆ చిక్కును చెప్పడం. అది ఒక్క దెబ్బకి రాదు, తిరగరాయాలి. నా ఉదాహరణే చూపిస్తాను.

అప్పట్లో మా టీమ్ అపాయింట్‌మెంట్లు గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లు పంపే సర్వీసు చూసేది. పైథాన్‌లో సెలరీ (జీతం కాదు, పనుల్ని వెనకాల నడిపించే లైబ్రరీ), దాని కింద క్యూ కోసం, అంటే చేయాల్సిన పనులు వరసలో ఆగడానికి, రెడిస్ అనే సాఫ్ట్‌వేర్. కొందరికి ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్తోంది. కస్టమర్లు తిడుతున్నారు. మూడు వారాలుగా పట్టుకోలేకపోయాం.

హైదరాబాద్‌లో ఒక కాన్ఫరెన్స్‌కి వెళ్తూ క్యాబ్‌లో నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: “సెలరీ సరిగా పనిచేయడం లేదు.” ఉదయం టీ దగ్గర పక్కనున్న అబ్బాయితో అదే అన్నాను. “అవునా? మాకు బాగానే ఉంది బ్రో” అన్నాడు. మాట అక్కడితో ఆగిపోయింది. అతని తప్పేమీ లేదు, నేను అడిగింది ప్రశ్న కాదు, గోడు.

రెండోసారి రాసింది: “ఒకే టాస్క్ రెండుసార్లు నడుస్తోంది, ఎందుకు?” ఈసారి ఇద్దరు సలహా ఇచ్చారు. ఇద్దరూ “రీట్రై (ఫెయిలైన పనిని మళ్లీ నడిపించే ఏర్పాటు) పెట్టారేమో చూడండి” అన్నారు. అది మేం మొదటి రోజే చూశాం. చూశామన్న సంగతి చెప్పకపోతే ఎదుటివాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు, పాపం వాళ్లేం చేస్తారు.

భోజనానికి ముందు మూడోసారి రాశాను: “సెలరీ, బ్రోకర్ రెడిస్. కౌంట్‌డౌన్ పెట్టి పంపే మెసేజ్‌ల్లో కొన్ని రెండుసార్లు వెళ్తున్నాయి, కొన్ని ఒక్కసారే వెళ్తున్నాయి. రీట్రైలు మొత్తం ఆపి చూశాం, తేడా లేదు. మిగతా టాస్కులు ఒక్కసారే నడుస్తున్నాయి.” (బ్రోకర్ అంటే క్యూని చూసుకునేది. కౌంట్‌డౌన్ అంటే ఇంతసేపయ్యాక నడపమని పెట్టే ఆలస్యం.)

ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి, ముందున్నావిడకి ఇదే చెప్పాను. ఆవిడ పెరుగన్నం వడ్డించుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “రెండుసార్లు వెళ్లినవాటికి కౌంట్‌డౌన్ ఎంతుంది?”

చూడలేదు! అన్నీ చూశాం గానీ అది చూడలేదు. ఆఫీసులో ఉన్న సహోద్యోగికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో లెక్క తీసి చెప్పాడు. రెండుసార్లు వెళ్లినవన్నీ గంట పైన ఆలస్యం పెట్టినవే. గంట లోపువి ఒక్కటీ లేదు.

ఆవిడ గరిటె పక్కన పెట్టి వివరించింది. ఆలస్యం పెట్టిన పనిని సెలరీ వర్కర్ (పనుల్ని నడిపే ప్రోగ్రాం) ముందే తీసుకుని, టైమయ్యేదాకా తన దగ్గరే అట్టేపెట్టుకుంటుంది. “అందింది” అని క్యూకి చెప్పదు. రెడిస్ వాడినప్పుడు అలా జవాబు రాని పని కోసం ఎదురుచూసే గడువు, మనం మార్చకపోతే, 3600 సెకన్లు. గంట దాటిందంటే ఆ వర్కర్ చచ్చిపోయిందనుకుని సెలరీ పనిని తిరిగి క్యూలో పెట్టేస్తుంది. ఇంకో వర్కర్ దాన్ని అందుకుంటుంది. చెప్పిన టైముకి రెండు కాపీలూ నడుస్తాయి. విజిబిలిటీ టైమవుట్ అనే ఆ సెట్టింగును మన అతి పెద్ద ఆలస్యం కన్నా ఎక్కువకి పెంచాలి, లేదా పెద్ద ఆలస్యాలు క్యూలో పెట్టడమే మానేయాలి. మేం రెండోదే చేశాం. పంపాల్సిన టైము డేటాబేస్‌లో రాసి, నిమిషానికోసారి చూసి పంపడం. పంపినదానికి గుర్తు వేయడం కూడా అప్పుడే చేర్చాం, నిజానికి అది మొదటి రోజే ఉండాల్సింది.

ఇది డాక్యుమెంటేషన్‌లో ఉంది. రాసే ఉంది. కానీ ఏ పేజీ తెరవాలో తెలియనప్పుడు అందులో ఉంటే ఏం, లేకపోతే ఏం.

మూడు ముసాయిదాల్లో ఏం మారిందో గమనించారా? వాడుతున్న వస్తువుల పేర్లు వచ్చాయి. జరిగేదాని పక్కన జరగనిదీ వచ్చింది. చేసి చూసిన పని వచ్చింది. మొత్తం చదివితే ఇరవై సెకన్లు దాటదు. రానిది కూడా చూడండి: క్లయింటు పేరు లేదు, ఎంతమంది కస్టమర్లో లేదు, సర్వర్ల వివరాలు లేవు. సర్వీసు కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. కంపెనీ గుట్టు బయటపెట్టకుండా చిక్కును చెప్పొచ్చు. చెప్పలేకపోతున్నారంటే అది వరండాకి తీసుకెళ్లే చిక్కు కాదు, వేరేది ఎంచుకోండి.

ఇక గుంపులోకి వెళ్లడం. చాలామందికి టెన్షన్ ఇక్కడే. నలుగురు గుండ్రంగా నిలబడి నవ్వుకుంటుంటే మధ్యలోకి ఎలా దూరతాం? రీడ్ ద డాక్స్ (సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ పెట్టుకునే సైటు) సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎరిక్ హోల్షర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది, పాక్‌మ్యాన్ రూల్. పాత వీడియోగేములో నోరు తెరిచిన పసుపు గుండు గుర్తుందా? గుంపు కూడా అలాగే, ఇంకో మనిషి పట్టేంత సందు వదిలి నిలబడాలి. అలాంటి సందు కనిపిస్తే అది మీ కోసమే. వెళ్లి నిలబడండి, వెంటనే మాట్లాడనక్కర్లేదు. మీరు చేరాక ఇంకో సందు తెరవడం మీ వంతు. దగ్గరి స్నేహితులిద్దరు తల దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటుంటే మాత్రం వదిలేయండి.

మొదటి మాటగా “ఎక్కడ చేస్తున్నారు?” అనకండి. మన దగ్గర ఆ ప్రశ్న వెనకే ప్యాకేజీ వస్తుంది, ఆ తర్వాత నోటీస్ పీరియడ్ వస్తుంది, మాట చచ్చిపోతుంది. “ఈ మధ్య దేనితో కుస్తీ పడుతున్నారు?” అని అడగండి. ప్రోగ్రామర్ అన్నవాడు ఎవడైనా దీనికి పది నిమిషాలు చెబుతాడు. మీ చిక్కు చెప్పే అవకాశం దానంతట అదే వస్తుంది.

ఇంగ్లీషు గురించి కూడా ఒక మాట. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు నోరు విప్పకపోవడం ఏటా చూస్తున్నాను. పైకాన్ ఇండియా 2018లో, 2023లో మన హైదరాబాద్‌కే వచ్చింది. అలాంటి చోట బ్యాడ్జి మీద పేరు చూసి “తెలుగేనా అండీ?” అంటే చాలు, సగం వరండా మీదే. ఇతరులతో ఇంగ్లీషులో అడగాల్సి వస్తే కాగితం చూసి చదవండి. మూడో ముసాయిదా రాసుకున్నది అందుకు కూడా. చూసి చదివినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

టాక్ అయ్యాక మైకు దగ్గర అడగడం వేరు. అక్కడ మీ సొంత చిక్కు వద్దు, హాలంతటికీ పనికొచ్చేదే అడగాలి. ప్రశ్న పేరుతో ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ ఒకడుంటాడు, మీరు ఆయన కాకండి. సొంత చిక్కుంటే స్పీకరు వేదిక దిగాక వరండాలో పట్టుకోండి. ఆ టాక్ ఇచ్చిన అరగంటలో స్పీకరుకి మాట్లాడాలనే ఉంటుంది.

యూరప్‌లో ఉండి ఫాస్‌డెమ్‌కి వెళ్లేవాళ్లకి చిన్న తేడా ఉంది. అక్కడ టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో గదులు కిటకిటలాడతాయి, నిండాక తలుపు దగ్గరే ఆపేస్తారు. గది గదికీ తిరిగితే ఏదీ దక్కదు. ఒక గది ఎంచుకుని పూటంతా అందులోనే కూర్చోండి. మీ అంశం మీద పనిచేసేవాళ్లే చుట్టూ ఉంటారు కాబట్టి అక్కడ ఆ గదే వరండా.

స్టాళ్ల గురించి రెండు మాటలు చాలు. టీ-షర్టు కోసం క్యూఆర్ స్కాన్ చేస్తే మీ నంబరు రిక్రూటర్లకి వెళ్తుంది. ఉద్యోగం వెతుకుతుంటే సంతోషంగా చేయండి.

సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు, మెట్రో ఎక్కకముందే, ఎవరితో ఏం మాట్లాడారో రాయండి. పేరు గుర్తులేకపోతే “పెరుగన్నం ఆవిడ, విజిబిలిటీ టైమవుట్” అని రాసినా సరే. నేను అలాగే రాశాను. సోమవారం మార్పు పెట్టాక, పని చేసిందని ఆవిడకి మెసేజ్ పెడదామంటే పేరు లేదు, నంబరు లేదు. ఆ రోజు నుంచి మాట ముగించేముందు బ్యాడ్జి చూసి పేరు రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఈ వారం ఇంటిపని: మీ పనిలోంచి ఒక చిక్కు తీసుకుని మూడు ముసాయిదాలు రాయండి. మూడోదాన్ని మీ ప్రాజెక్టుతో సంబంధం లేని స్నేహితుడికి చదివి వినిపించండి. అతను తిరిగి ప్రశ్న వేస్తే పాసు. “అవునా” అని ఊరుకుంటే నాలుగోది రాయండి.

వచ్చే పాఠం స్ప్రింట్ రోజు (అందరూ కలిసి కూర్చుని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి కోడ్ రాసే రోజు) గురించి. దానికి ముందే ఒక పని చేసుకోండి: పనిచేయాలనుకున్న ప్రాజెక్టు కోడ్‌ని ఇంట్లోనే క్లోన్ చేసి (మీ కంప్యూటర్లోకి కాపీ దించుకుని), టెస్టులు ఒకసారి నడిపి చూడండి. ఒకే వైఫై మీద మూడొందల మంది డాకర్ ఇమేజ్‌లు (ప్రాజెక్టు నడవడానికి కావాల్సినవన్నీ ఉన్న పెద్ద ఫైళ్లు) దించుకోవడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వచ్చేస్తుంది గానీ మీ ఇమేజ్ రాదు.